పంట వెంట నడిస్తే పని కనిపిస్తుంది

(తిరుపతిలో ఇంటర్, డిగ్రీ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పిల్లలు, వెనక వాళ్ల అమ్మానాన్నలు కూర్చున్నారు. ఇద్దరితోనూ మాట్లాడాల్సిన విషయం ఇది కాబట్టి మంచి ఏర్పాటే.

మన వైపు బైపీసీ తీసుకున్న పిల్లల్ని ఏమవుతావని అడిగితే డాక్టర్ అంటారు. నీట్‌లో ర్యాంకు రాకపోతే ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్. అదీ కుదరకపోతే అప్పుడు గుర్తొస్తుంది అగ్రికల్చర్ బీఎస్సీ. 1961 నుంచి మన ఊళ్లోనే వ్యవసాయ కళాశాల ఉంది. పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది. అయినా చాలా ఇళ్లలో ఆ చదువు మొదటి మాటగా రాదు. వెనక కూర్చున్న పెద్దవాళ్ల మాట ఇంకోటి ఉంది: "మేం పడ్డ కష్టం చాలు, మా బిడ్డ మట్టిలో దిగకూడదు." ఆ మాటను నేను తప్పు పట్టను. వేసిన బోరు ఎండిపోయి, ఇంకోటి వేసి, అదీ ఎండిపోయి, వడ్డీలు కట్టిన వాళ్లు అంటున్న మాట అది. కానీ బిడ్డ కాడి పట్టకపోవడం వేరు, వ్యవసాయంతో సంబంధమే తెంచుకోవడం వేరు. ఈ రెండూ ఒకటేనని అనుకోవడం వల్ల మనం చాలా పోగొట్టుకుంటున్నాం.

రైతు పండిస్తాడు. ఆ పంట తినేవాళ్ల చేతికి చేరేలోపు ఎంతమంది పని చేయాలో ఎప్పుడైనా లెక్కేశారా? విత్తనం తయారుచేసేవాళ్లు, నారు పెంచేవాళ్లు, మట్టి పరీక్ష చేసేవాళ్లు, అప్పు మంజూరు చేసేవాళ్లు, సరుకు నాణ్యత చూసేవాళ్లు, కొనేవాడిని వెతికేవాళ్లు. ఆ చోట్ల సరైన మనిషి లేనప్పుడు నష్టం రైతు మీదే పడుతుంది. ఈరోజు నేను కోర్సుల జాబితా చదవను, అది ఫోన్‌లో దొరుకుతుంది. మన జిల్లాల్లో పండేవాటినే పట్టుకుని వాటి వెంట నడుద్దాం. ఏ మలుపులో మీకు పని ఉందో మీరే చూడండి.

తోతాపురి మామిడితో మొదలుపెడతాను. తినడానికి బేనీషా, అంటే బంగినపల్లి, ఫ్యాక్టరీకి తోతాపురి అని చిత్తూరు వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. బాగా కాస్తుంది, గుజ్జు ఎక్కువ వస్తుంది. దేశంలో మామిడి గుజ్జు అంటే చిత్తూరు, సరిహద్దు అవతల తమిళనాడులోని కృష్ణగిరి పేర్లే ముందు వినిపిస్తాయి. ఇక్కడి గుజ్జు గల్ఫ్ దేశాలకూ యూరప్‌కూ పోతుంది. కాపు కాలంలో బంగారుపాళెం, దామలచెరువు, చిత్తూరు రోడ్ల మీద కాయల ట్రాక్టర్ల వరసలు మీరు చూసే ఉంటారు.

2025లో ఏమైంది? ధర కుప్పకూలింది. రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. అంతకుముందు తయారైన గుజ్జు అమ్ముడుపోక నిల్వ ఉండిపోవడం దానికి ఒక కారణం. టీవీలో ఆ గొడవ చూసి మామిడి పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. నేను దాన్ని వేరేగా చూస్తాను. బయటి దేశంలో గుజ్జు కొనేవాడి దగ్గర ఎంత నిల్వ ఉంది, ఈసారి ఎంత అడుగుతాడు, ఏ నాణ్యత అడుగుతాడు అనే సంగతి తోటలో ఉన్న రైతుకు నాలుగు నెలల ముందే చేరవేసే మనిషి మధ్యలో లేడు. ఉంటే కొందరైనా వేరే బజారు చూసుకునేవాళ్లు. మార్కెట్ సమాచారం సేకరించి, అర్థం చేసుకుని, రైతు భాషలో చెప్పడం ఒక వృత్తి. వ్యవసాయ వ్యాపారంలో ఎంబీఏ అని ఒకటి ఉంది, దాని కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, తిరుపతిలోనే ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అలాంటి సంస్థ ఉంది.

ఇప్పుడు ఫ్యాక్టరీ లోపలికి పోదాం. కాయ తూకం అయ్యాక మాగబెట్టే గదులకు పోతుంది. కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం. ఇథిలిన్ గ్యాస్ వాడతారు, అదీ 100 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో వంద భాగాలు, మించకుండా. ఆ గదిలో వేడి, తేమ, గాలి మార్పిడి చూసుకోవడానికి తెలిసిన మనిషి కావాలి, లేకపోతే కాయ ఒక పక్క పండి ఇంకో పక్క కుళ్లుతుంది. పండాక కడిగి, టెంక తీసి, గుజ్జు పిండి, వేడిచేసి సూక్ష్మజీవులు లేకుండా చేసి, చల్లార్చి, గాలి చొరబడని సంచిలో నింపి డ్రమ్ములో పెడతారు. ఒక డ్రమ్ములో 215 కిలోల దాకా పడుతుంది.

ఈ వరసలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది చివర్లో ఉండే చిన్న ల్యాబ్. అక్కడ తెల్లకోటు వేసుకున్న అమ్మాయి చేతిలో జానెడు పొడవు కూడా లేని పరికరం ఉంటుంది, రిఫ్రాక్టోమీటర్. దాని అద్దం మీద ఒక చుక్క గుజ్జు రసం వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు పట్టుకుని కంటికి ఆనించి చూస్తుంది. లోపల నీలం, తెలుపు కలిసే చోట ఒక గీత. ఆ గీత 14 దగ్గర ఉందా, 16 దగ్గర ఉందా? బ్రిక్స్ అంటే అదే, అందులో కరిగి ఉన్న చక్కెర లెక్క. కొనేవాడు అడిగిన అంకె కంటే తగ్గితే ఆ సరుకు మొత్తం వెనక్కి రావచ్చు. అందుకే గీత కిందికి జారితే లైన్ ఆపమని ఆ అమ్మాయి చెప్పాలి, చెప్తే ఆపాలి. తర్వాత పులుపు, పీహెచ్ చూస్తారు. బూజు, ఈస్ట్ పెరుగుతున్నాయేమో గాజు పళ్లేల్లో పెంచి లెక్కబెడతారు. పురుగుమందుల అవశేషాలకు పెద్ద ల్యాబ్‌కు నమూనా పంపుతారు. ఇది ఫుడ్ టెక్నాలజీ చదివినవాళ్ల పని, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ డిగ్రీ వాళ్లకూ చోటుంది. ఫుడ్ టెక్నాలజీలో బీటెక్ మన వ్యవసాయ విశ్వవిద్యాలయం బాపట్లలో, పులివెందులలో నడుపుతోంది. ఇది ఎంపీసీ పిల్లలు చదవగలిగేది, గుర్తుపెట్టుకోండి. బాయిలర్ నడిపేవాళ్లు, కూలింగ్ యంత్రాలు చూసేవాళ్లు, ఎగుమతి కాగితాలు సిద్ధం చేసేవాళ్లు కూడా కావాలి. ఐటీఐ చేసిన కుర్రాడికీ, బీకాం చేసిన అమ్మాయికీ వ్యవసాయంలో పని ఇలా దొరుకుతుంది.

ఒక ఇబ్బంది దాచకుండా చెప్పాలి. మామిడి లైన్ ఏడాదిలో రెండు మూడు నెలలే జోరుగా నడుస్తుంది. కొన్ని ఫ్యాక్టరీలు ఆ తర్వాత జామ, బొప్పాయి, టమాటా పట్టుకుంటాయి, కొన్ని మూసేస్తాయి. ఉద్యోగంలో చేరేముందు "మామిడి అయ్యాక ఏం చేస్తారు?" అని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, జీతం సంగతి అది.

ల్యాబ్‌లో పురుగుమందు అవశేషం దొరికిందనుకోండి, తప్పు ఎక్కడ జరిగింది? తోటలో. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో రైతుకు ఎవరూ చెప్పలేదు, లేదా అంగట్లో అమ్మినవాడు ఏదో ఒక డబ్బా చేతిలో పెట్టాడు. కాబట్టి కొనే కంపెనీలు ఇప్పుడు తోటల్లోకి మనుషుల్ని పంపుతున్నాయి. ఏ రోజు ఏ మందు కొట్టారో రాయించడం, కాయకు కవర్లు తొడిగించడం, పండు ఈగకు ఎరలు పెట్టించడం వాళ్ల పని. ఈ పండు ఈగ చిన్నదే కానీ దేశాల మధ్య వ్యాపారాన్ని ఆపుతుంది. జపాన్‌కు మామిడి పండు పంపాలంటే వేడి ఆవిరి గదిలో పెట్టి పంపాలి. అమెరికాకు పంపాలంటే రేడియేషన్ శుద్ధి చేయాలి. ఈ పనులు తెలిసిన సాంకేతిక నిపుణులు, ప్యాక్‌హౌస్ సూపర్‌వైజర్లు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రాలు చూసే అధికారులు అందరూ వ్యవసాయ పట్టభద్రులో, దగ్గరి చదువుల వాళ్లో.

టెంకల సంగతి కూడా చెప్తాను, ఎవరూ పట్టించుకోరు కాబట్టి. ఫ్యాక్టరీల వెనక గుట్టలుగా పడి వాసన కొట్టే టెంకలో జీడి ఉంటుంది. ఆ జీడి నుంచి తీసే కొవ్వును సౌందర్య సాధనాల్లో, చాక్లెట్ తయారీలో వాడతారు. మనూళ్లో గుట్టగా పడి ఉన్నదాన్ని చూసి ముక్కు మూసుకుని పోతాం. కెమిస్ట్రీ చదివిన పిల్లలు అక్కడ ఒక నిమిషం ఆగి ఆలోచించాలని నా కోరిక.

తిరుపతిలో ఉన్నవాళ్లకు ఇలాంటిదే కళ్లముందున్న ఉదాహరణ ఉంది. గుళ్లో వాడిన పూలతో అగరబత్తులు చేయించి 2021 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం అమ్ముతోంది. ఉద్యాన విశ్వవిద్యాలయం సాయంతో ఎండిన పూలను అతికించి దేవుళ్ల పటాలు చేయడం మహిళలకు నేర్పించారు. పూలు పారేయాల్సిన వస్తువు కాదని ఎవరో ఆలోచించారు, అంతే.

ఇక పడమటి మండలాలకు పోదాం. పలమనేరు, వి.కోట, కుప్పం, మదనపల్లె వైపు టమాటా. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో 150 రూపాయలు దాటింది. అదే మార్కెట్‌లో కోత కూలి రాక రోడ్డు మీద పారబోసిన రోజులూ ఉన్నాయి. ఈ ఎగుడుదిగుడుల మధ్య నిలకడగా నడుస్తున్నది ఏమిటో తెలుసా? నర్సరీ. ధర ఎంతున్నా రైతు నారు కొంటాడు. ఇప్పుడు ఎక్కువమంది మడిలో నారు పోయరు, షేడ్‌నెట్ కింద ట్రేలలో పెంచినదే తెచ్చుకుంటారు. ఒక ట్రేలో 98 గుంతలు. ఒక్కో గుంతలో కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, నింపి, వేలితో చిన్న గొయ్యి చేసి, ఒక్క గింజ వేస్తారు. హైబ్రిడ్ విత్తనం ఖరీదైనది, రెండో గింజ వేయడానికి లేదు. మూడు, నాలుగు వారాల్లో నారు రైతు చేతికి పోతుంది.

అందులో ఇంకో మెట్టు ఉంది, అంటు నారు. టమాటాలో మొక్క ఉన్నట్టుండి వాడిపోయే ఎండు తెగులు మట్టిలో ఉండే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఒకసారి పొలంలోకి వస్తే పోదు. దాన్ని తట్టుకునే వంగ మొక్క వేరు మీద టమాటా కొమ్మను అంటుకడతారు. రెండు లేత కాడల్ని బ్లేడుతో ఏటవాలుగా కోసి, కోత మీద కోత సరిగ్గా ఆనించి, చిన్న సిలికాన్ క్లిప్పు పెడతారు. తర్వాత వారం దాకా తేమ నిండిన మసక గదిలో ఉంచుతారు. కోత సమంగా లేకపోతే అతకదు. ఇది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు, చేతికి అలవాటు కావాలి. బెంగుళూరు దగ్గర హెస్సరఘట్టలో ఉన్న ఉద్యాన పరిశోధన సంస్థ మనకు దూరమేమీ కాదు. డిప్లొమా చేసిన ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి ఈ పని నేర్చుకుని నర్సరీ పెడితే, నా అంచనాలో, చిన్న పట్నంలో ఉద్యోగం కంటే మేలు. పెట్టుబడి కావాలి నిజమే, ఆ సంగతికి మళ్లీ వస్తాను. అదే వైపు పట్టు పురుగుల పెంపకం కూడా ఉంది. అందులో గుడ్డు నుంచి బయటికొచ్చిన పురుగును మొదటి రెండు దశలు జాగ్రత్తగా పెంచి రైతులకు ఇచ్చే చాకీ కేంద్రాలు ఇలాగే ఒక ప్రత్యేక వ్యాపారం.

చెనక్కాయ, అంటే వేరుశనగ. మా తరానికి ఈ పంట పేరు వింటే ప్రాణం లేచొస్తుంది, ఇప్పుడు సాగు తగ్గుతూ వస్తోంది. వాన ఒక్కటే కారణం కాదు, విత్తనం ఒక పెద్ద కారణం. ఎకరాకు అరవై కిలోల పైన విత్తనాలు కావాలి. వేసిన దానికి పది రెట్లు కూడా రావడం కష్టం. రైతు తన పంటలో నుంచే మళ్లీ విత్తనం తీసుకోగలడు. ఇవన్నీ చూసి ప్రైవేటు విత్తన కంపెనీలకు ఈ పంట మీద ఆసక్తి లేదు, పత్తిలో, మొక్కజొన్నలో ఉన్నట్టుగా లాభం ఉండదు. మన తిరుపతి పరిశోధన స్థానం నారాయణి, ధరణి లాంటి రకాలు ఇచ్చింది. రకం పుట్టడం ఒక ఎత్తు, అది ఊళ్లోకి చేరడం ఇంకో ఎత్తు. శాస్త్రవేత్త ఇచ్చిన కొద్ది విత్తనాన్ని, అంటే ప్రజనన విత్తనాన్ని, మూల విత్తనంగా, దాన్ని ధ్రువీకరించిన విత్తనంగా పెంచుకుంటూ పోవాలి. సంచికి కట్టే చీటీ రంగు చూస్తే ఏ దశదో తెలిసిపోతుంది: ప్రజనన విత్తనానికి పసుపు, మూల విత్తనానికి తెలుపు, ధ్రువీకరించిన దానికి నీలం. చెనక్కాయ నీలం చీటీ సంచిలో కనీసం 70 శాతం మొలకెత్తాలి. చేలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరేయించేవాళ్లు, మొలక పరీక్ష చేసేవాళ్లు, తేమ చూసి సంచి కట్టించేవాళ్లు కావాలి. ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం, అంటే ఎఫ్‌పీఓ, ఈ పని పట్టుకుంటే నాలుగు మండలాలకు విత్తనం ఇవ్వొచ్చు. దాన్ని నడిపే మనిషి కావాలి.

ఈ ఎఫ్‌పీఓల గురించి నిక్కచ్చిగా మాట్లాడాలి. 2020లో కేంద్రం పది వేల సంఘాలు పెట్టాలని పథకం తెచ్చింది. సీఈఓకు నెలకు 25 వేల దాకా, అకౌంటెంట్‌కు 10 వేల దాకా, మూడేళ్ల పాటు సాయం అందులో ఉంది. చాలా సంఘాలు కాగితం మీద ఉన్నాయి, పనిలో లేవు. జీతం తక్కువ, మూడేళ్ల తర్వాత సంఘం సంపాదించి ఇవ్వాలి. అయినా ఇరవై మూడేళ్ల పిల్లవాడికి ఎరువు కొనుగోలు, జీఎస్టీ, బ్యాంకు, గోడౌన్, రైతుల మధ్య తగాదా, అన్నీ ఒకేచోట నేర్పే బడి ఇంకోటి నాకు కనిపించలేదు. రెండేళ్లు చేసి బయటికొస్తే అతన్ని ఏ అగ్రి కంపెనీ అయినా తీసుకుంటుంది. పెళ్లై పిల్లలున్నవాళ్లకు మాత్రం నేను ఈ సలహా ఇవ్వను.

పాలు. ఈ మాటకు వెనక ఉన్న అమ్మలు తలలెత్తారు. కరువొచ్చినప్పుడు ఇల్లు నిలబెట్టింది ఆవే కదా. 2014లో మన దగ్గర మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీలో సభ్యులంతా ఆడవాళ్లే, లక్ష దాటారు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ అండతో పెరిగింది. ఒక ఊళ్లో పొద్దున పోసిన పాలకు వెన్న ఎంత, వెన్నేతర ఘనపదార్థం ఎంత అని యంత్రం చెప్తుంది, దాన్నిబట్టే డబ్బు. ఆ యంత్రం సరిగ్గా ఉందా లేదా చూసేవాళ్లు, రూట్ సూపర్‌వైజర్లు, కృత్రిమ గర్భధారణ చేసేవాళ్లు, మేత నిపుణులు, ప్లాంట్‌లో డెయిరీ టెక్నాలజిస్టులు, ఇంత మంది ఉంటారు దీని వెనక. డెయిరీ టెక్నాలజీ కళాశాల తిరుపతిలోనే ఉంది. పచ్చగా ఉన్న మొక్కజొన్నను ముక్కలు చేసి, గాలి పోకుండా బిగించి, పాతర గడ్డి బేళ్లుగా అమ్మే వ్యాపారం కూడా ఇప్పుడు పెరుగుతోంది. మేత లేని ఎండాకాలంలో దాని విలువ ఏమిటో ఈ అమ్మల్ని అడగండి.

పాడి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. దేశంలో పాల విప్లవాన్ని నడిపిన వర్గీస్ కురియన్ పశువైద్యుడు కాదు, మద్రాసు గిండీలో చదివిన మెకానికల్ ఇంజనీరు. 1949లో ఆనంద్‌కు వెళ్లాడు. కాబట్టి ఎంపీసీ తీసుకున్నాం, బీటెక్ చేరిపోయాం, ఈ సభ మాకు కాదని అనుకోకండి. ఐఐటీ తిరుపతిలో జీపీఎస్ లాంటి స్థాన నిర్ధారణ సాంకేతికత మీద ప్రత్యేక కేంద్రం ఉంది. డ్రోన్లు, సెన్సర్లు, ఉపగ్రహ చిత్రాలతో పంట అంచనా, ఇవన్నీ ఇంజనీర్లు, వ్యవసాయం తెలిసినవాళ్లు కలిసి కూర్చోవాల్సిన పనులు. ఒకరు లేకుండా ఇంకొకరు చేస్తే పొలంలో పనికిరాని వస్తువు తయారవుతుంది.

ప్రభుత్వ ఉద్యోగాల గురించి మీకు ఎక్కువ తెలుసు, త్వరగా ముగిస్తాను. ఊళ్లో రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ, ఉద్యాన, పట్టు, పశుసంవర్ధక సహాయకులు, మండలంలో వ్యవసాయాధికారి. బ్యాంకుల్లో ఐబీపీఎస్ నిర్వహించే అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్ష, దీనికి పోటీపడేది వ్యవసాయ, అనుబంధ డిగ్రీల వాళ్లే. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు నాబార్డ్‌లో గ్రేడ్ ఏ అధికారి, భారత ఆహార సంస్థ, పంటల బీమా సంస్థ. పీజీ, పీహెచ్‌డీ చేస్తే శాస్త్రవేత్తలు కావడానికి ఏఆర్ఎస్ పరీక్ష. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు కూడా అగ్రికల్చర్ డిగ్రీ చెల్లుతుంది. అన్నీ మంచివే. నాకున్న బాధ ఒక్కటే, డిగ్రీ మొదటి ఏడాది నుంచే గదిలో తలుపేసుకుని బిట్లు బట్టీ పట్టడం. చివరి ఏడాదిలో పల్లెలో ఉండి రైతుతో పనిచేసే కార్యక్రమం మీ సిలబస్‌లోనే ఉంది. దాన్ని సంతకాలతో సరిపెట్టుకున్న పిల్లవాడు రేపు బ్యాంకులో కూర్చుని, పొలం చూడకుండా అప్పు ఇస్తాడు, లేదా ఇవ్వాల్సినవాడికి ఎగ్గొడతాడు.

సొంతంగా పెట్టుకోవాలనే వాళ్లకు డబ్బు సంగతి. అగ్రి క్లినిక్, అగ్రి బిజినెస్ కేంద్రాల పథకం 2002 నుంచి ఉంది. హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ ఆధ్వర్యంలో 45 రోజుల ఉచిత శిక్షణ ఇస్తారు. తర్వాత ఒక్కరికి 20 లక్షల దాకా ప్రాజెక్టుకు బ్యాంకు రుణం, అందులో 36 శాతం సబ్సిడీ, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 44 శాతం. వ్యవసాయం, దాని అనుబంధ కోర్సులు చదివినవాళ్లకు ఇది. ఇంట్లోనే చిన్నగా తాండ్ర, పచ్చళ్లు, చెనక్కాయ పట్టీ లాంటివి చేసేవాళ్లకు పీఎంఎఫ్ఎంఈ అని ఇంకో పథకం, 35 శాతం సబ్సిడీ, 10 లక్షలకు మించకుండా. ఒక హెచ్చరిక: సబ్సిడీ వస్తుందని వ్యాపారం పెట్టకండి. కొనేవాడు ముందు, యంత్రం తర్వాత. సబ్సిడీ మీద తెచ్చిన యంత్రాలు తుప్పు పట్టి ఉండడం నేను చాలా ఊళ్లలో చూశాను.

మీ ప్రశ్నలు అడగండి.

(ఒక తండ్రి: సార్, కౌన్సెలింగ్‌లో సీటు రాకపోతే ప్రైవేటు కాలేజీలో డబ్బు కట్టి చేర్పించమంటారా?)

అన్నా, ముందు ఒక్క విషయం చూడు. ఆ కాలేజీకి భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్ గుర్తింపు ఉందా? లేకపోతే రేపు పీజీ సీట్ల దగ్గర, కొన్ని ఉద్యోగాల దగ్గర పిల్లవాడు ఆగిపోతాడు. ఏజెంటు చెప్పింది నమ్మకుండా ఐసీఏఆర్ జాబితాలో నువ్వే చూసుకో. రెండోది, కాలేజీకి సొంత పొలం ఉందా, పిల్లలు అందులో పంట పెడుతున్నారా అని వెళ్లి కళ్లారా చూడు. ఇక సీటే రాలేదనుకో, దారులు మూసుకుపోవు. పదో తరగతి తర్వాత వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది, అది చేసినవాళ్లు అగ్రిసెట్ రాసి బీఎస్సీలోకి రావచ్చు. మామూలు డిగ్రీలో మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ తీసుకుని ఆహార ల్యాబుల వైపు పోవచ్చు. భూమి అమ్మి మాత్రం ఫీజు కట్టొద్దు. ఆ పిల్లవాడు రేపు నర్సరీ పెట్టాలంటే ఆ భూమే కావాలి.

(ఒక విద్యార్థిని: ఆడపిల్లని ఫీల్డ్ ఉద్యోగానికి పంపేది లేదని ఇంట్లో అంటున్నారు సార్. ల్యాబ్ తప్ప మాకు ఇంకేం ఉంది?)

చాలా ఉంది తల్లీ. లక్షమంది ఆడవాళ్ల పాల కంపెనీ గురించి ఇప్పుడే చెప్పుకున్నాం, వాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడడానికి నీకంటే తగినవాళ్లు ఎవరు? ఊళ్లో రైతు సేవా కేంద్రాల్లో చాలామంది అమ్మాయిలు పనిచేస్తున్నారు, బండి మీద పొలాలకు పోతున్నారు. మీ ఇంట్లోవాళ్ల భయం అబద్ధం కాదు. సాయంత్రం చీకటిపడ్డాక దారి, పొలాల దగ్గర మరుగు సౌకర్యం లేకపోవడం, ఇవి నిజమైన ఇబ్బందులు. ఇంటర్వ్యూలో వీటిని గట్టిగా అడుగు. తిరగాల్సిన ఊళ్లెన్ని, రవాణా ఏమిటి, తోడు ఎవరు? సరిగ్గా జవాబు చెప్పని చోట చేరకు. నాన్నను ఒకసారి నువ్వు పనిచేసే చోటికి తీసుకెళ్లి చూపించు. మాటల్లో చెప్తే ఒప్పుకోనివాళ్లు చూస్తే మెత్తబడతారు.

(ఒక యువకుడు: నేను డిగ్రీ మధ్యలో ఆపేశాను సార్. డ్రోన్ కొంటే బాగుంటుందంటున్నారు, కొనమంటారా?)

కొనడం తర్వాత. ముందు నడపడం నేర్చుకో. పద్దెనిమిదేళ్లు నిండి, పది పాసై ఉంటే చాలు, పౌర విమానయాన శాఖ గుర్తింపు ఉన్న కేంద్రంలో శిక్షణ తీసుకుని పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. గుంటూరులో మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికే అలాంటి శిక్షణ ఉంది. పది లీటర్ల ట్యాంకు డ్రోన్ ఒక ఎకరా పది నిమిషాల లోపే కొట్టేస్తుంది. వేగం బాగానే ఉంది, ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరుకుతుందనేదే లెక్క. బ్యాటరీలు కొన్నాళ్లకు మార్చాలి, రెక్క విరిగితే బాగుచేసేవాడు దగ్గర్లో ఉండాలి. పొడవాటి మామిడి చెట్టుకు కొట్టడం వరి మడికి కొట్టినట్టు కాదు, ఏ పంటకు ఏ మందు డ్రోన్‌తో కొట్టొచ్చో అనుమతులున్నాయి. అందుకని ఇలా చెయ్ నాయనా: సర్టిఫికెట్ తెచ్చుకుని ఒక సీజన్ వేరేవాళ్ల డ్రోన్ మీద జీతానికి పనిచెయ్. ఈలోపు మీ మండలంలో ఏ ఊళ్లో ఏ పంట ఎన్ని ఎకరాలుంది, ఏ నెలలో ఎన్నిసార్లు మందు కొడతారు, ఇప్పుడు కూలి ఎంత ఇస్తున్నారు, ఇదంతా ఒక నోట్‌బుక్‌లో రాసుకో. రైతు సేవా కేంద్రంలో అడిగితే పంటల నమోదు లెక్కలు చెప్తారు. ఆ నోట్‌బుక్ తీసుకుని బ్యాంకుకు వెళ్లేముందు నా దగ్గరికి రా, ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.